అమ్మవారి చెయ్యి

పటాన్ని బల్ల మీద బోర్లించి వెనక మేకులు ఒక్కొక్కటే పీకుతుంటే చెదమట్టి పొడిపొడిగా రాలింది. నా గుండె దడదడలాడింది. చెద అట్ట దాకా వచ్చి ఆగిందా, లోపలి కాయితాన్నీ ముట్టుకుందా అన్నది అట్ట తీస్తే గానీ తెలియదు. పటాలు కట్టే కుర్రవాడు పనిలో చెయ్యి తిరిగినవాడు. చాకు మొనతో అట్ట అంచు పైకి లేపి, ఊపిరి బిగబట్టి, మెల్లగా ఇవతలికి లాగాడు.

"కాయితం బతికింది మాస్టారూ" అన్నాడు.

అప్పుడు కూర్చున్నాను స్టూలు మీద.

మా నాయనమ్మది ఆ లక్ష్మీదేవి పటం. నరసరావుపేటలో పుట్టింటి నుంచి కాపురానికి వస్తూ సారెతో పాటు తెచ్చుకుందని మా నాన్న చెప్పేవాడు. ఆ తర్వాత మూడిళ్లు మారాం. ఏ ఇంట్లో ఉన్నా దేవుడి గూటి పైగోడ దానిదే. శ్రావణ శుక్రవారం వచ్చిందంటే నాయనమ్మ దాన్ని దించి, అద్దం తుడిచి, నాలుగు మూలలా పసుపు, కుంకుమ పెట్టి మళ్లీ ఎక్కించేది. అది ఉత్త పటం కాదు. ఏనాడో అద్దం విప్పి అమ్మవారి చీర కుచ్చెళ్ల మీద తన పెళ్లిచీర జరీ ముక్క కత్తిరించి అంటించింది. మెళ్లో హారాల మీద చమ్కీలు, కిరీటం మీద పగడమంత పూసలు. అప్పట్లో చాలా ఇళ్లలో ఆడవాళ్లు అలా చేసేవాళ్లు. అచ్చు కాయితం మీద అమ్మవారికి చీర కట్టి, నగ పెట్టి, ఇంటి మనిషిని చేసుకునేవాళ్లు.

కొట్టు అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద ఉంది. పటాలు, లామినేషను, జెరాక్సు, పాసుపోర్టు ఫొటోలు, అన్నీ ఆ పదడుగుల గదిలోనే. మాఘమాసం కావటంతో మిరపకాయల లారీలు గుంటూరు యార్డుకు బారులు తీరి పోతున్నాయి. ఒక్కో లారీ దాటినప్పుడల్లా గొంతులో ఘాటు. మిరపకాయలు లేని కాలంలో సున్నం ధూళి. ఊరి చుట్టూ సున్నపు బట్టీలు. లైమ్ సిటీ అని బోర్డుల మీద రాసుకునే ఊరు మాది. పిడుగురాళ్లలో కొట్టు తెరిచినవాడు పొద్దున్నే మొదట చేసే పని సరుకు మీద తెల్లటి పొడి తుడవటం. ఆ కుర్రవాడు కూడా నా పటం ముట్టుకునే ముందు బల్లను రెండుసార్లు తుడిచాడు. ఆ మర్యాద నాకు నచ్చింది.

కాయితాన్ని వెలుగులోకి తిప్పాం. అడుగు అంచున సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ప్రెస్సు పేరు. రవివర్మ అచ్చు. నాలుగు చేతుల తల్లి తామరపువ్వు మీద నిలబడి ఉంది. పై రెండు చేతుల్లో తామరలు, కింద ఒక చెయ్యి అభయం. పక్కన నీళ్లలో ఏనుగు తొండంతో దండ ఎత్తి పట్టుకుంది. మన ఇళ్లలో, కిరాణా కొట్లలో, లారీ క్యాబిన్లలో, క్యాలెండర్ల మీద ఎన్ని లక్ష్మీదేవులున్నా వాళ్లందరికీ తల్లి ఈమె. 1896లో రవివర్మ వేసిన తైలవర్ణ చిత్రం ఇలా కాయితం మీదికి దిగి ఊరూరా తిరిగింది. అంతకుముందు మన వాళ్లు అమ్మవారిని ఎక్కువగా గుళ్లో రాతి విగ్రహంగా చూశారు, ఇంట్లో కలశంగా చూశారు. మన పక్కింటి ఆడమనిషిలా చీర కట్టుకుని, కళ్లలోకి చూస్తూ నిలబడ్డ అమ్మవారిని ఊరూరా గోడల మీదికి తెచ్చింది ఆయనే.

డ్రాయింగు మాస్టారుగా ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. నాకు గురువు ఎవరని అడిగితే ఈ పటమే అంటాను. తిరువాన్కూరులోని కిళిమానూరులో 1848లో పుట్టిన మనిషి, మన నరసరావుపేట పెళ్లికూతురి సారెలో ఎలా కలిశాడో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1873లో వియన్నా ప్రదర్శనలో ఆయనకు బహుమతి వచ్చింది. తలలో మల్లెదండ తురుముకుంటున్న నాయరు స్త్రీ బొమ్మకు. 1893లో షికాగో ప్రదర్శనకు పది చిత్రాలు పంపాడు, అన్నీ మన దేశపు ఆడవాళ్లవే. మరుసటి ఏడాది బొంబాయిలో ప్రెస్సు పెట్టాడు. అక్కడ మొదట అచ్చయింది శకుంతల జననం. తర్వాత ప్రెస్సు లోనావాలా దగ్గర మళవలికి మారింది, ఆ తర్వాత జర్మను సాంకేతికుడు ఫ్రిట్జ్ ష్లైషర్ చేతికి పోయింది. 1906లో రవివర్మ పోయాడు. బొమ్మలు పోలేదు. పెళ్లిచూపులకు వెళ్లొచ్చి, పిల్ల ఎలా ఉందంటే రవివర్మ బొమ్మలా ఉందని చెప్పని తెలుగిల్లు ఆ రోజుల్లో లేదు.

అన్నిటికంటే నాకు ఇష్టం ఆ చేతులు. మోచేతి నుంచి మణికట్టు దాకా జారినట్టుండే నునుపు. ఎక్కడా ఎముక లేదు, కణుపు లేదు, నరం లేదు. అరచేతిలో ఉదయపు ఎరుపు. మైసూరు జగన్మోహన ప్యాలెసులో ఆయన వేసిన వాద్యబృందం చిత్రం ముందు ఒక పూటంతా నిలబడ్డాను. పదకొండు మంది ఆడవాళ్లు, తలా ఒక ప్రాంతం, తలా ఒక కట్టు. ఒకామె నాయరు, ఒకామె ముసల్మాను, ఒకామె ఆంగ్లేయుల తీరులో టోపీ పెట్టుకుంది. బట్టలు వేరు, నగలు వేరు, జుట్టు ముడి వేరు. వేళ్లు మాత్రం పదకొండు మందివీ ఒకతల్లి పిల్లల వేళ్లు. తీగ మీద వేలు ఆనిన చోట కూడా కాయ కాసిన గుర్తు లేదు. వీణ సాధన చేసే మా మేనత్త వేళ్లు నేను చూశాను. తీగలు కోసిన గాట్లు నల్లగా కనిపించేవి.

అయినా పిల్లలకు అదే నేర్పాను. "ఆడవాళ్ల చేతులు వేసేటప్పుడు కణుపులు పెట్టకండి, గీతలు గీయకండి, చిక్కుడుకాయల్లా సాగదీయండి" అని ఎన్ని తరగతుల్లో చెప్పానో. ఎవడైనా వాళ్లమ్మ చేతులు చూసి వేసినట్టు పొట్టివేళ్లు వేస్తే నేనే రబ్బరు తీసుకుని చెరిపి దిద్దేవాణ్ని. అది అందమని మనసారా నమ్మాను.

కుర్రవాడు నా భూతద్దం అడిగి తీసుకుని బొమ్మ మీదికి వంగాడు.

"ఇదేంది మాస్టారూ, అంతా చుక్కలే!"

"చుక్కలే. చేత్తో పెట్టిన చుక్కలు. ఎర్రచుక్క, పచ్చచుక్క పక్కపక్కన పడితే దూరాన్నించి మనకు చర్మంలా కనపడుద్ది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి."

"రాయేంటి?"

ఇది చెప్పటం నాకు మహా ఇష్టం. 1796 ప్రాంతంలో మ్యూనిక్‌లో సెనెఫెల్డర్ అనే ఆయన కనిపెట్టిన అచ్చు ఇది. నునుపుగా అరగదీసిన రాతి పలక మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీస్తారు. రాయిని తడుపుతారు. గీసిన చోట జిడ్డుంది కాబట్టి నీళ్లు నిలవవు. గీయని చోట రాయి నీళ్లు పీల్చుకుంటుంది. ఇప్పుడు నూనెరంగు పూసిన రోలరు దొర్లిస్తే, రంగు జిడ్డు ఉన్న చోటే అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటదు. దాని మీద కాయితం వేసి ఒత్తటమే. ఎరుపుకు ఒక రాయి, పసుపుకు ఒక రాయి, నీలానికి ఒకటి. అన్ని రాళ్ల మీదా అదే కాయితం వెంట్రుకవాసి పక్కకు పోకుండా పడాలి. చివర వార్నీషు పూస్తే తైలచిత్రంలా నిగనిగలాడుతుంది. ఇక ఆ బొమ్మ చాలనుకుంటే ఇసుక, నీళ్లు పోసి రాయిని రుద్ది, పాత బొమ్మను అరగదీసి, దాని మీదే కొత్త బొమ్మ గీస్తారు.

"ఏం రాయి అది?"

"సున్నపు రాయి."

కుర్రవాడు తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"నిజంగానే. శ్రేష్ఠమైన పలకలు జర్మనీలో, బవేరియాలోని సోల్న్‌హోఫెన్ గనుల్లో దొరికేవి. మన రాయి కాలిస్తే సున్నమవుద్ది, ఆ రాయి గీస్తే బొమ్మయింది. జాతి ఒక్కటే."

ఆ బవేరియా రాజు కథ కూడా చెప్పాను. ఒకటో లుడ్విగ్ అని. తన రాజ్యంలో అందగత్తెలనుకున్న ముప్ఫై ఆరుగురి బొమ్మలను యోసెఫ్ స్టీలర్ అనే చిత్రకారుడితో వేయించి ఒక గదినిండా పెట్టుకున్నాడు. 1827లో మొదలుపెడితే పూర్తవటానికి ఇరవై ఏళ్లు దాటింది. అందులో రాణివాసాల వాళ్లున్నారు, చెప్పులు కుట్టే ఇంటి పిల్ల హెలెన్ సెడ్ల్‌మయర్ కూడా ఉంది. ఖరీదైన బట్టలు వేసుకుని, కులీన స్త్రీలతో సమానంగా మెరుస్తూ. ఆ బొమ్మ చూసి ఆమె ఎవరి కూతురో ఎవరూ పోల్చలేరు. రవివర్మ ఎదుట కూర్చున్న మనుషులూ ఉన్నారు. గొప్ప గాయని అంజనీబాయి మాల్పేకర్ వయసులో ఉండగా ఆయన బొమ్మలకు కూర్చుంది. ఎంతసేపు కదలకుండా కూర్చుందో, కాళ్లు ఎంత తిమ్మిరెక్కాయో బొమ్మలో కనపడదు.

"పనిచేసుకునే ఆడోళ్లని వెయ్యలేదా ఆయన?"

"వేశాడు. పాలమ్మాయిని వేశాడు, ఊళ్లు తిరిగే సంచార కుటుంబాన్ని వేశాడు."

"మరి వాళ్ల చేతులు?"

నేను జవాబు చెప్పేలోగా గుమ్మం దగ్గర గొంతు వినపడింది.

"అబ్బాయా, ఇదోటి జెరాక్సు తీసిపెట్టు."

ఒక ముసలామె. డెబ్భై దాటి ఉంటాయి. సన్నగా, వంగకుండా నిలబడి ఉంది. చీర ఏ రంగో చెప్పలేం, సున్నంలో కలిసిపోయింది. కనుబొమల్లో కూడా తెలుపు. ఆధార్ కార్డు ముందుకు చాపింది.

"కూర్చో పెద్దమ్మా. దేనికి జెరాక్సు?"

"కార్డు మళ్లీ రాపిచ్చుకోవాలంట నాయనా. వేలిముద్ర పడటంలా. ఈ నెల్లో మూడోసారి రేషను కొట్టుకు పొయ్యా. బొటనవేలు పెట్టా, చూపుడువేలు పెట్టా, పదివేళ్లూ పెట్టిచ్చారు. కొంగుకు తుడిచి పెట్టమన్నారు. తలకు రుద్ది పెట్టమన్నారు. ఎర్రలైటే వస్తంది. కన్ను పెట్టమన్నారు, శుక్లాలు తీశారుగా, కన్నూ పడలా. రేపు రమ్మంటారు. రేపు పోతే మళ్లా రేపంటారు. కొట్టాయన మంచోడే, ఆయనేం చేస్తాడు, మిషను ఒప్పుకోకపోతే!"

"ఎన్నేళ్లు చేశావు బట్టీలో?"

"పిల్లదాన్నప్పటి నించీ. రాళ్లు మోశా, బొగ్గు మోశా, సున్నం సంచులకెత్తా. ఇప్పుడు మోయలేను, చీపురు పట్టి ఎత్తిపోస్తా."

బట్టీ సంగతి ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస పేర్చి కాలుస్తారు. తొమ్మిది వందల డిగ్రీల వేడిలో రాయిలోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతుంది. మేలిరకం రాయి వంద కిలోలు కాలితే మిగిలేది 56 కిలోల పొడిసున్నం. దానికి దాహమెక్కువ. నీటి చుక్క తగిలితే బుసకొట్టి కాగుతుంది. చేతిలో చెమట ఉన్నా చాలు. ఆ చెమటను తాగుతుంది, చెమటతో పాటు తోలును తింటుంది.

"ఏదీ, చెయ్యి ఇటు ఇవ్వమ్మా" అన్నాను.

సందేహిస్తూనే చాపింది. కుర్రవాడి చేతిలోంచి భూతద్దం తీసుకుని ఆమె బొటనవేలి మీద పెట్టాను. మన వేళ్ల కొసన సుడులు తిరుగుతూ ఉంటాయే గీతలు, అవి లేవు. నున్నగా, పాలిష్ పట్టిన గచ్చులా ఉంది. పక్కనుంచి ఒక పగులు, దాని లోపల తెల్లటి గీర. చూపుడువేలు చూశాను, నడిమివేలు చూశాను. ఎక్కడా గీత లేదు. అరచెయ్యి మధ్యలో ఆయుష్షు రేఖ కూడా ఉత్త మడతలా మిగిలింది. ముప్ఫై ఒక్క ఏళ్లు చేతులు వేయటం నేర్పినవాణ్ని, ఒక పనిచేసే మనిషి చెయ్యి అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"సున్నం తినేసింది నాయనా" అంది, నేనడక్కుండానే. బాధగా కాదు, బస్సు వెళ్లిపోయింది అన్నట్టు.

కుర్రవాడు జెరాక్సు తీసి ఇచ్చాడు. రెండు రూపాయలు కొంగుముడి విప్పి తీయబోతే వద్దన్నాడు. ఆమె లేవబోతూ బల్ల మీద పటం చూసింది. వెంటనే కాళ్ల చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించింది.

"లచ్చిందేవి. చక్కంగ ఉంది తల్లి. ఎవురిది బాబూ?"

"మా నాయనమ్మది పెద్దమ్మా. వందేళ్ల నాటిది."

"మామ్మా, నీకు తెలుసా" కుర్రవాడు ఉత్సాహంగా అందుకున్నాడు, "ఈ అమ్మవారు మన సున్నపురాయిలోంచే వచ్చిందంట! మాస్టారు ఇప్పుడే చెప్పారు."

"సున్నపురాయిలోంచా?"

"అవును పెద్దమ్మా. అలాంటి రాతి మీద గీసి, దాన్నించి కాయితం మీదికి ఒత్తారు. ఒక రాయి కాదు, చాలా రాళ్లు."

ఆమె మొహంలో వెలుగు నిండింది. కుటుంబంలో దూరపు చుట్టం ఎవరో పెద్ద ఉద్యోగంలో ఉన్నారని తెలిసినప్పుడు వచ్చే వెలుగు. అంత రాయి మోసింది కదా. ఏ రాయి ఎక్కడికి పోయిందో ఎవరు చెప్పారు ఆమెకు? మేడలకు పోయింది, పంచదార మిల్లులకు పోయింది, తమలపాకుల్లోకి పోయింది. అమ్మవారు కూడా అయిందని ఈ పూట తెలిసింది.

"ఆ అద్దం ఒకసారి ఇస్తావా నాయనా? నేనూ చూస్తా తల్లిని."

ఇచ్చాను. ఎలా పట్టుకోవాలో కుర్రవాడు చూపించాడు. పూసల కిరీటం మీద ఆపింది. కళ్ల దగ్గర ఆపింది. మా నాయనమ్మ జరీముక్క చూసి "ఎంత ఓపికమ్మా" అనుకుంది. తర్వాత అద్దాన్ని మెల్లగా అభయమిచ్చే చేతి మీదికి తెచ్చింది. అక్కడ ఆగిపోయింది.

చాలాసేపు కదల్లేదు. రోడ్డు మీద రెండు లారీలు పోయాయి. ఆమె తన బొటనవేలు తెచ్చి, కాయితానికి తగలకుండా, అమ్మవారి వేళ్ల పక్కన పెట్టి చూసుకుంది. మళ్లీ అద్దంలోంచి చూసింది. ఆ ఎర్రటి అరచేతిలో ఎక్కడా ఒక్క గీత లేదు. నేను యాభై ఏళ్లుగా మెచ్చుకున్న నునుపు.

అద్దం తిరిగిచ్చేసింది. జెరాక్సు కాయితం మడిచి రొంటిన దోపుకుంది. నా వైపు తిరిగి, చిన్నపిల్ల అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"సున్నపురాయితో మసిలినాక అంతేలే మాస్టారూ. ఈ తల్లి చేతికీ గీతలు పొయినయ్. మరి ఈమెకైనా బియ్యం ఇస్తన్నారా, రేపు రమ్మంటన్నారా?"